నిద్ర రాని పిల్లకు ఒక కథ బాకీ

మన కథల్లో నిద్రకు లోటు లేదు. కుంభకర్ణుడి నిద్ర సామెతకెక్కింది. గుహలో పడుకున్న ముచికుందుణ్ణి లేపిన కాలయవనుడు బూడిదయ్యాడు. ఊర్మిళాదేవి పద్నాలుగేళ్లు కన్ను తెరవలేదు. నిద్ర మానుకున్నవాళ్లకూ కొదవ లేదు. అన్నావదినలకు కాపలాగా లక్ష్మణుడు అడవిలో అన్నేళ్లూ రెప్ప వేయలేదంటారు. నిద్రను గెలిచినందుకే అర్జునుడు గుడాకేశుడయ్యాడు. ఇంతమందిలో ఒక్కరు మాత్రం ఓ పట్టాన కనిపించరు: ఇంటిల్లిపాదీ గురక పెడుతుంటే కన్ను మూతపడక, పైకప్పు వంక చూస్తూ పడుకున్న పదేళ్ల పిల్ల. మన సాహిత్యంలో పిల్లలున్నది నిద్రపుచ్చడానికే. జోలపాట పుట్టింది వాళ్ల కోసమే అయినా పాడేది అమ్మ, కట్టింది పెద్దలు, పాట అయ్యేసరికి బిడ్డ నిద్రపోయినట్టే లెక్క. పాట అయిపోయాక కూడా నిద్ర రాకపోతే ఆ బిడ్డ బుర్రలో ఏం తిరుగుతుంది, ఎవరితో చెప్పుకుంటుంది అన్న సంగతి మన కథకులకు పెద్దగా పట్టలేదు. ఆ పిల్లను నాయికగా నిలబెట్టి, మాయతోనూ స్నేహంతోనూ నడిచే నవల ఒకటి తెలుగులో రావాలి. అది కర్ణాటకలోని రాయచూరు జిల్లా లాంటి చోట పుడితే మరీ బాగుంటుంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముడిసరుకు లేక ఇన్నాళ్లూ రాలేదనుకోవడానికి వీల్లేదు. తెలుగు ఆడవాళ్లు పాడుకున్న రామాయణపు పాటల్లో లక్ష్మణదేవర నవ్వు అని ఒకటుంది. వెల్చేరు నారాయణరావు ఆ పాటల మీద రాసిన వ్యాసం 1991లో ఇంగ్లీషులో అచ్చయ్యాక వాటి పేరు దేశాలు దాటింది. కథ చిన్నది. వనవాసం ముగిసింది, రాముడు కొలువు తీరాడు. అంతలో నిద్రాదేవి వచ్చి లక్ష్మణుడి ఎదుట నిలబడింది. పద్నాలుగేళ్లు నా జోలికి రావద్దు, అయోధ్యకు తిరిగొచ్చాక రా అని అడవికి పోతూ అతను పెట్టిన గడువది. చెప్పిన గడువుకు తు.చ. తప్పకుండా వచ్చిందే అని లక్ష్మణుడికి నవ్వొచ్చింది, నిండు కొలువులో నవ్వేశాడు. ఇక చూడండి. గంగను నెత్తిన పెట్టుకున్నందుకు నన్నే ఎగతాళి చేస్తున్నాడని శివుడు, అన్నను విడిచి వచ్చినందుకు నన్నేనని విభీషణుడు, ఇంద్రజిత్తుకు చిక్కినందుకు నన్నేనని హనుమంతుడు, ఎవరికి వాళ్లు తల వంచుకున్నారు. సీత కూడా తన గురించే అనుకుంది. రాముడికైతే ఎక్కడలేని కోపం వచ్చి కత్తికే చెయ్యి వేశాడు. ఈ పాటలో నిద్ర జబ్బు కాదు, శాస్త్రం కాదు, ముఖాముఖి మాట్లాడగల ఒక మనిషి. గడువు పెట్టొచ్చు, బతిమాలుకోవచ్చు, రాకూడని వేళ వస్తే నవ్వుకోవచ్చు. అంత గంభీరమైన సభ ఒక కునుకు దగ్గర అల్లకల్లోలం కావడంలో ఉన్న హాస్యం పిల్లలకు ఇట్టే అందుతుంది. లక్ష్మణుడి చోట పదేళ్ల పిల్లను కూర్చోబెడితే సగం నవల అయిపోయినట్టే.

ఆ పని ఇంకోచోట ఇంకోలా జరిగింది. ఫిలిప్పా పియర్స్ అనే ఇంగ్లండు రచయిత్రి 1958లో టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్ అనే నవల రాసింది. అక్కడ పిల్లల పుస్తకాలకు ఇచ్చే పెద్ద బహుమతి కార్నెగీ మెడల్ ఆ ఏడాది దానికే దక్కింది. తమ్ముడికి తట్టు పోసిందని టామ్‌ను బాబాయి పిన్నుల ఇంటికి పంపేస్తారు. పెరడు లేని ఇల్లు, ఆడుకోవడానికి జతగాడు లేడు. పిన్ని ప్రేమకొద్దీ వండిపెట్టేవన్నీ అరగని వంటలు. బాబాయి పద్ధతి మనిషి, పిల్లవాడు పది గంటలు పక్కమీద ఉండి తీరాలంటాడు. ఒంటికి అలుపు లేదు, కడుపు బరువు, మనసులో దిగులు. ఇక నిద్రెలా వస్తుంది? ఒక రాత్రి కింద హాల్లో గోడగడియారం పదమూడు కొడుతుంది. టామ్ మెల్లగా దిగివెళ్లి వెనక తలుపు తీస్తే, పగలు చెత్తడబ్బాలు తప్ప ఏమీ లేని చోట పెద్ద తోట. అందులో హాటీ అనే తల్లీతండ్రీ లేని పిల్ల. రోజూ రాత్రి ఇద్దరూ ఆడుకుంటారు. టామ్‌కు ఒక్కో రాత్రి గడిస్తే హాటీకి నెలలు, ఏళ్లు గడిచిపోతుంటాయి. చివరికి తెలిసేదేమంటే పైఅంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు, ఆ ముసలావిడే హాటీ. ఆవిడ తన చిన్నతనాన్ని కలగంటుంటే టామ్ ఆ కలలోకి నడిచి వెళుతున్నాడు.

ఈ నవలలో మాయ నిద్రమాత్రలా పనిచేయదు. ఆ తోట టామ్‌ను నిద్రపుచ్చదు సరికదా ఉన్న నిద్ర కూడా చెడగొడుతుంది. తలుపు తీయడం ఒక్కటే మాయ చేసే పని. ఆ పిల్లవాడికి ఊరట హాటీ దగ్గర దొరుకుతుంది. మెలకువ అతనికి శిక్షగా మొదలై హక్కుగా మారిందంటే కారణం అవతల ఎదురుచూసే మనిషి ఒకరుండటమే. రోల్డ్ డాల్ 1982లో రాసిన బీఎఫ్‌జీలోనూ ఇదే పద్ధతి. అనాథాశ్రమంలో నిద్రపట్టని సోఫీ కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక రాక్షసుడు నడుస్తూ బూర ఊదుతుంటాడు. అతను పట్టి సీసాల్లో దాచిన కలలను నిద్రపోయే పిల్లల గదుల్లోకి ఊదే మంచి రాక్షసుడని తర్వాత తెలుస్తుంది. ఆ పిల్లా రాక్షసుడూ కలిసి ఇంగ్లండు రాణికి ఒక పీడకల తయారుచేసి పంపి, మనుషుల్ని తినే రాక్షసుల ఆట కట్టిస్తారు. అందరూ భయపడే పీడకల ఇక్కడ పిల్ల చేతిలో పనిముట్టయింది. వీటి పక్కన స్వీడన్ రచయిత కార్ల్ యోహాన్ ఫోర్షేన్ ఎర్లిన్ రాసిన, నిద్ర కావాలనుకునే కుందేలు పుస్తకం పెట్టి చూడండి. 2015లో అది ప్రపంచమంతా అమ్ముడైంది. ఆవలింతలు రప్పించే మాటలు, సాగదీసి చదవాల్సిన చోట్లు, అన్నీ తల్లిదండ్రుల కోసం గుర్తుపెట్టి ఇచ్చారు. పాపం, ఆ పుస్తకం పని పిల్లవాడు చివరిదాకా వినకపోవడమే! పిల్లవాణ్ణి పడుకోబెట్టే సరుకుగా అది బాగానే ఉండొచ్చు. దాన్ని కథ అనడానికి మాత్రం మనసొప్పదు.

స్నేహం సంగతి కవిత్వం కోసం చెప్పినది కాదు, పరిశోధనల్లోనూ తేలింది. ఇజ్రాయెల్‌లో అవీ సాదే అనే నిద్ర పరిశోధకుడూ అతని సహచరులూ రాత్రి భయాలున్న నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు బొమ్మ కుక్కపిల్లను ఇచ్చి చూశారు. ఈ కుక్కపిల్ల దిగులుగా ఉంది, దీన్ని నువ్వే చూసుకోవాలి అని కొందరికి చెప్పారు. ఇది నీకు కాపలా ఉంటుందని మరికొందరికి చెప్పారు. 2012లో వెల్లడైన ఫలితం ప్రకారం రెండు జట్లలోనూ భయాలు తగ్గాయి. కాపాడేవాడు దొరికినా, తానే ఒకరిని కాపాడాల్సి వచ్చినా పిల్లకు ధైర్యం వస్తుందన్నమాట. రెండోదే నాకు ముఖ్యంగా తోస్తుంది. భయపడే పిల్లకు భయపడొద్దని చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు, నీ సాయం కావాలని అడిగేవాళ్లే ఉండరు. అమెరికాలో థామస్ ఓలెండిక్ బృందం ఇంకో అడుగు వేసి, చీకటి భయం పోగొట్టే ఆటలను కథలో అల్లిన అంకుల్ లైట్‌ఫుట్ అనే పిల్లల పుస్తకాన్ని తల్లిదండ్రుల చేత నాలుగు వారాలు చదివించింది. 2015లో అచ్చయిన ఆ అధ్యయనంలో తొమ్మిదిమంది పిల్లల్లో ఎనిమిదిమందికి చెప్పుకోదగ్గ గుణం కనిపించింది. తొమ్మిదిమంది అంటే చాలా తక్కువ. దాన్ని పట్టుకుని కథ చదివితే భయం పోతుందని తీర్పు చెప్పేయడం తొందరపాటే. కానీ పీడకలల చికిత్సలో వైద్యులు వాడే ఒక పద్ధతి కూడా ఇదే దారిలో ఉంది. వచ్చిన పీడకలను పగలు మెలకువలో గుర్తు చేసుకుని, దానికి ఇష్టమొచ్చిన కొత్త ముగింపు పెట్టి, దాన్నే మనసులో రోజూ నెమరువేయడం. పని కథకుడిది, పేరు మాత్రం వైద్యం.

ఇక రాయచూరు మాట. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలలో వేసవి ఎండ 40 డిగ్రీలు అలవోకగా దాటుతుంది. రాత్రయినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి, అది దిగడానికి గాలి చల్లబడాలి. 68 దేశాల్లో 47 వేలమందికి పైగా పెద్దల చేతిపట్టీల లెక్కలు తీసి 2022లో వెలువరించిన అధ్యయనం కూడా రాత్రి వేడి పెరిగేకొద్దీ నిద్ర తగ్గుతుందనే తేల్చింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు నిద్ర వైద్యులు. శక్తినగర్‌లో 1985 నుంచి థర్మల్ కరెంటు పుట్టిస్తున్న జిల్లా ఇది. అయినా మే నెలలో ఫ్యాను ఆగిన రాత్రి మిద్దె మీద పక్క పరుచుకున్న ఇంటికి ఆ నిద్ర గంటల లెక్క అందని మాటే. కాబట్టి ఇక్కడ నిద్రపట్టని పిల్ల అరుదైన రోగి కాదు, ప్రతి వీధిలోనూ ఉండే మామూలు పిల్ల.

ఆ పిల్ల తెలుగు పిల్ల కావడానికీ కారణాలున్నాయి. 1956 నవంబరు దాకా గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లాలోవే. రాష్ట్రాలు విడదీసినప్పుడు అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. గీత మారినా మాట ఆగలేదు, పట్నం బజారులో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. ఆ తర్వాత తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొచ్చాక సింధనూరు, మాన్వి వైపు కోస్తా రైతులు వచ్చి భూములు కొని వరి వేశారు. వాళ్లు స్థిరపడ్డ ఊళ్లను క్యాంపులనే అంటారు, తరాలు మారినా ఆ పిలుపు పోలేదు. అక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సింధనూరు తాలూకాలోనే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల క్యాంపులు కూడా ఉన్నాయి. వాళ్ల భాషలో దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో తెచ్చిన ఠాకుర్‌మార్ ఝులి అనే కథల పుస్తకంలో కోట కోటంతా నిద్రలో మునిగిన కథ ఒకటుంది, రాకుమారికి బంగారు పుల్ల తగిలితే గాని మెలకువ రాదు. నిద్రాదేవికి గడువు పెట్టడం తెలిసిన తెలుగు క్యాంపు పిల్ల, నిద్రపోయిన కోటను లేపడం తెలిసిన బెంగాలీ క్యాంపు పిల్లవాడు, ఇద్దరూ మాట్లాడుకోవాలంటే బడిలో నేర్చిన కన్నడం. ఇంత చక్కని స్నేహం రచయిత కల్పించాల్సిన పని లేదు, ఆ తాలూకాలో దానికి చోటు సిద్ధంగా ఉంది.

మాయకు కావలసిన చోట్లూ ఉన్నాయి. రాయచూరు కోట పడమటి గోడలో 41 అడుగుల పొడవున్న ఒంటి రాయి ఒకటి ఉంది. కాకతీయుల కాలంలో, 1294లో గోరె గంగయరెడ్డి కోట కట్టించిన సంగతి దాని మీద చెక్కారు. అంతటితో ఊరుకోలేదు. ఆ రాయిని అక్కడికి ఎలా తెచ్చారో కూడా అక్కడే గీతల్లో చూపించారు: చక్రాల బండి మీద పడుకోబెట్టిన అదే రాయి, ముందు బారులు తీరిన పశువులు, వాటిని అదిలించే మనుషులు, వెనక నుంచి గడకర్రలతో చక్రాలను ఎగదోసేవాళ్లు. తన ప్రయాణాన్ని తన ఒంటి మీదే బొమ్మ గీయించుకున్న రాయి! నిద్రపట్టని పిల్ల అర్ధరాత్రి ఆ బండి కదిలిన చప్పుడు వింటే చాలు, పదమూడు కొట్టే గడియారంతో పనేముంది? ఇంకా కృష్ణలో కురువపురం లంక ఉంది, శ్రీపాద శ్రీవల్లభుల చోటని మన భక్తులకు బాగా తెలుసు. అక్కడికి గిరగిర తిరిగే పుట్టిలో పోవడమూ, ఆ నదిలో మొసళ్లుండటమూ ఏ రచయితా కష్టపడి ఊహించాల్సినవి కావు. మాన్వి తాలూకా చీకలపర్విలో పుట్టిన కన్నడ పదకర్త విజయదాసుకు పురందరదాసు కలలో కనబడి అంకితనామం ఇచ్చాడని దాసపరంపర చెప్పుకుంటుంది. ఒక సాహిత్య పరంపర పగ్గం కలలో చేతులు మారిన జిల్లా ఇది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం భయం. పడుకోబోయే ముందు మంత్రగాళ్లు, మాయలు అంటే ఉన్న నిద్ర కూడా పోతుందని తల్లులు అంటారు. ఇందులో నిజముంది, కొంతే. మొదటి జామున పిల్ల కెవ్వున అరిచి లేచి, ఎవరినీ గుర్తుపట్టక, తెల్లారాక ఏమీ ఎరగనట్టుంటే అది గాఢనిద్రలో వచ్చే అలజడి, దానికి కథలతో సంబంధం అంతంతమాత్రం. తెల్లవారుజామున వచ్చి గుర్తుండిపోయేవి పీడకలలు. వాటిలోకి పగటి భయాలు దూరుతాయి. అయితే ఆ భయాలు పిల్లలకు పెడుతున్నదెవరు? నిద్రపోకపోతే బూచాడొస్తాడని తెలుగులో, గుమ్మడొస్తాడని కన్నడంలో బెదిరించేది పెద్దవాళ్లే. గుమ్మణ్ణి పిలవొద్దని చిన్నికృష్ణుడు తల్లిని బతిమాలుకునే పాట పురందరదాసు ఎప్పుడో కట్టాడు. బిడ్డ వైపు నిలబడి రాసిన పాట అది. బూచాడికి ముఖం లేదు, కథ లేదు, ముగింపు లేదు, అందుకే వాడు రాత్రంతా ఉంటాడు. నవలలో మంత్రగాడికి పేరుంది, ఆశ ఉంది, ఓటమి ఉంది. ముగింపున్న భయమే పిల్లకు కాస్త నయం. అయినా ఐదేళ్లవాడికి చెప్పే కథ, పదేళ్లదానికి చదివే కథ ఒకటి కావని ఒప్పుకోవాలి. ఉత్కంఠ దగ్గర ఆపి దీపం ఆర్పే అలవాటు మాత్రం చిన్నపిల్లల దగ్గర పనికిరాదు.

రెండోది మూఢనమ్మకాల సంగతి. ఇది బరువైన అభ్యంతరం. పిల్ల నిద్రలో ఉలిక్కిపడితే దడుచుకుందని తాయెత్తు కట్టించడం, అంత్రం వేయించడం ఈ ప్రాంతంలో ఇంకా మామూలే. అమానుష దురాచారాల మీద, చేతబడి మీద కర్ణాటక 2017లో చట్టం చేసి 2020 నుంచి అమల్లో పెట్టింది కూడా. ఇలాంటి చోట పిల్లల చేతికి మాయల నవల ఇవ్వడమేమిటని హేతువాదులు అడిగితే తప్పులేదు. జవాబు ఇది. తాయెత్తు నమ్మమంటుంది, ప్రశ్నిస్తే పనిచేయదంటుంది, డబ్బడుగుతుంది. కథలో మాయ ఒప్పందం మీద నడుస్తుంది. ఇది ఉత్తదేనని చెప్పేవాడికీ తెలుసు, వినేదానికీ తెలుసు, ఇద్దరూ కలిసే ఆడతారు. పైగా కథలో మాయకు నియమాలుంటాయి, తప్పితే పట్టుకునేది పిల్లలే. మాయను ఆటగా ఎరిగిన పిల్ల రేపు దాన్ని వ్యాపారంగా చేసేవాడి ఎదుట అంత తేలిగ్గా తల వంచదని నా నమ్మకం. దీనికి లెక్కలు లేవు, నమ్మకమనే అంటున్నాను.

ఇంకొందరు, ఉక్కకు ఫ్యాను కావాలి గాని నవలెందుకంటారు. నిజమే. గురక పెట్టే పిల్లకు టాన్సిల్స్ చూపించాలి, రాత్రిళ్లు కాళ్లు లాగే పిల్లకు రక్తంలో ఇనుము చూపించాలి, నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. నవల వీటిలో దేనికీ బదులు కాదు. కానీ ఫ్యాను తిరిగినా, మందు వేసినా నిద్ర వచ్చేలోపు ఒక గంట ఉంటుంది, ఆ గంటలో పిల్ల ఒంటరిది. ఇప్పుడు ఆ గంటను చాలా ఇళ్లలో ఫోను మింగుతోంది. దాని వెలుగు నిద్రను ఇంకా వెనక్కి నెడుతుంది. నవల అడిగేది ఆ గంటనే.

మనకు పిల్లల మాయాకథలు తక్కువేమీ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ తర్వాత కన్నడంలోనూ అదే పేరుతో వచ్చింది కాబట్టి రాయచూరు పిల్లలకు రెండు భాషల్లోనూ అది సొంతదే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వరసగా రాసిన సీరియళ్లలో సాహసం జంటగానే సాగేది. శిథిలాలయంలో శిఖిముఖి విక్రమకేసరి, రాతిరథంలో ఖడ్గవర్మ జీవదత్తుడు. స్నేహమూ మాయా కలిస్తే పిల్లలు నెలంతా ఎదురుచూస్తారని ఆయన ఎప్పుడో చూపించాడు. కాకపోతే ఆ వీరులంతా కత్తి పట్టిన యువకులు. పిల్లవాడి గొంతుతో పుస్తకం నడపొచ్చని ముళ్లపూడి బుడుగు చూపించాడు గాని, బుడుగు రాజ్యం పగటిపూట. ఈ రెంటికీ నడుమ రాత్రి ఖాళీగా ఉండిపోయింది. 2013 నాటికి చందమామ అచ్చు ఆగిపోయాక ఆ ఖాళీ ఇంకా పెరిగింది.

రాసేవాళ్లకు నా మనవి రెండు మాటలు. అధ్యాయాలు పది నిమిషాల్లో బిగ్గరగా చదవగలిగేంత పొట్టిగా ఉంచండి, ఎందుకంటే క్యాంపుల్లో చాలామంది పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. కన్నడ లిపి తెలుగు లిపికి దగ్గరి చుట్టం, కాబట్టి అదే పుస్తకాన్ని కన్నడ అక్షరాల్లో కూడా అచ్చు వేయించండి. ఇంకొకటి, ఆఖరి పుటలో పిల్లను నిద్రపుచ్చి చేతులు దులుపుకోకండి. పియర్స్ నవల టామ్ హాయిగా నిద్రపోవడంతో ముగియదు. సెలవు తీసుకుని మెట్లు దిగిపోతున్నవాడు మళ్లీ పైకి పరిగెత్తి, ఆ ముసలావిడను చిన్నపిల్లను పట్టుకున్నట్టు కావలించుకోవడంతో ముగుస్తుంది.